నాన్న కళ్ళజోడు డబ్బాలో ఉప్పు పొట్లం

రెండు నెలల క్రితం నాన్న కళ్ళజోడు తుడిచి పెడదామని డబ్బా తెరిస్తే లోపల చిన్న కాగితం పొట్లం, విప్పి చూద్దును కదా ఉప్పు! 78 ఏళ్ళ మనిషి నాకు భయపడి ఉప్పు దాచుకుంటున్నాడంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే పెట్టేశా.

బీపీ ఎక్కువుందని డాక్టర్ చెప్పినప్పట్నుంచీ మా ఇంట్లో రెండు పార్టీలు. అన్నయ్యది "ఈ వయసులో ఇంకా నోరు కట్టేసుకోవడం ఏంటే, తిననీ" పార్టీ, నాది పోలీసు పార్టీ. ఆయనకి విడిగా చప్పగా వండి పెట్టి, పక్కనే మేమంతా మామూలువి తింటూ "నాన్నా అది నీక్కాదు" అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పేదాన్ని. బీపీ పెద్దగా తగ్గలేదు గానీ మనిషి తగ్గాడు, బెల్టుకి కొత్త కన్నం పడింది. వయసు మీద పడితే నాలుకకి రుచి తెలియడమే తగ్గుతుంది, పైన చప్పిడి కూడు పెడితే ముద్ద ఎలా దిగుతుంది?

ఇంకో కామెడీ, తేలిగ్గా అరుగుతుందని రోజూ సాయంత్రం సూప్ ప్యాకెట్ కలిపిచ్చేది నేనే. ఓరోజు వెనకాల చదివితే కప్పుకి సోడియం 800 మిల్లీగ్రాములు, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది, అంటే 2 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికే 5 గ్రాముల లోపు అంటుంటే, నేను చిటికెడు ఉప్పు దగ్గర యుద్ధం చేసి సాయంత్రానికి కప్పుతో పోస్తున్నానన్నమాట.

అన్నయ్య తక్కువ సోడియం ఉప్పని ఒకటి పట్టుకొచ్చాడు. అందులో సోడియం కొంత తగ్గించి పొటాషియం కలుపుతారు, కిడ్నీలు సరిగా లేనివాళ్ళకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఒంట్లో పొటాషియం పెరిగి ప్రమాదం కావచ్చు. నాన్న మాత్రల చీటీ చూసి డాక్టర్ వద్దే వద్దన్నారు, నయం అడిగాం.

ఇప్పుడు విడి వంట మానేశా. ఇంటిల్లిపాదికీ ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించా, నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి కాస్త ఎక్కువేస్తున్నా. నాలుక దారికి రావడానికి కొన్ని వారాలు పట్టింది, ఆ వారాలన్నీ అన్నయ్య గొణుగుడే. అదే గొణుగుడు నాన్న గొణిగితే చాదస్తం అన్నాం, గుర్తుందా అన్నయ్యా?

నిన్న భోజనాల దగ్గర నాన్న కళ్ళజోడు డబ్బా తీసి, గడ్డకట్టిన ఆ పొట్లం నా చేతిలో పెట్టి "మీ అన్నయ్యకియ్యి, పాపం తినలేకపోతున్నాడు" అన్నాడు.