పాలమూరు గొర్రెలు, చెంగిచెర్ల చదువు: మటన్ షాపు పెట్టేదాకా నా అనుభవం

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే తెలంగాణ మొదటి స్థానంలో ఉంది, దాదాపు 1.90 కోట్లు. అందులో ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల జీవాలే చాలా ఉంటాయి. కానీ పెబ్బేరు సంతలో బేరం కుదిరిందంటే మా పొట్టేళ్లు లారీ ఎక్కి పట్నం పోతాయి. ఎండల్లో వానల్లో పెంచేది మేము. కోత, శుభ్రత, నిల్వ, చివరికి ధర కూడా పట్నం చేతిలోనే. మా ఊరు కొత్తకోట దగ్గర. తాతల నుంచి గొర్రెల మీదే బతికిన ఇల్లు మాది. ఊళ్లోనే మటన్ షాపు పెట్టాలనుకున్నప్పుడు ముందు పని పద్ధతిగా నేర్చుకోవాలనిపించింది. ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోయినవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. అందుకే నేను పోయిన దారంతా రాస్తున్నాను.

దారి చూపింది మా పశువుల దవాఖాన డాక్టరు గారు. ఆయన రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివారు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే ఆ కాలేజీలో మాంసం, పాలు, గుడ్ల ఉత్పత్తులకు ఒక విభాగమే ఉందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. పశువుల డాక్టరంటే సూదులు మందులే అనుకునేవాళ్లం. మాంసం తనిఖీ కూడా వాళ్ల చదువులో భాగమట. "నువ్వు షాపు పెట్టేటోనివి తమ్ముడూ, నీకు చేత్తో చేసి చూపించేటోళ్లు కావాలె. చెంగిచెర్ల పోయి రా" అన్నారు.

చెంగిచెర్ల హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక బోడుప్పల్ పక్కన ఉంటుంది. అక్కడ భారత వ్యవసాయ పరిశోధన మండలి వాళ్ల జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. 1999లో పరిశోధన కేంద్రంగా మొదలైంది. శాస్త్రవేత్తలకే కాదు, షాపు నడిపేవాళ్లకు, కొత్తగా పెట్టేవాళ్లకు కూడా ట్రైనింగ్ ఇస్తారు. ముందు ఫోన్ చేసి బ్యాచ్ ఎప్పుడో కనుక్కున్నాను. అప్లికేషన్, ఆధార్, ఫీజు కట్టి పిలుపు కోసం ఆగాను. నా బ్యాచ్‌లో నల్లగొండ నుంచి కోళ్ల ఫారం నడిపే అన్న ఒకాయన, పచ్చళ్ల వ్యాపారం చేసే మహిళా సంఘం అక్కలు, అప్పుడే డిగ్రీ అయిపోయిన పిల్లలు ఉన్నారు.

మొదట నేర్పింది కత్తి పట్టడం కాదు, జీవానికి అలసట తీర్చడం. లారీలో నిలబడి వచ్చిన పొట్టేలును దించగానే కోయొద్దు. మేత ఆపి, నీళ్లు మాత్రం కావలసినన్ని పెట్టి, నీడలో విశ్రాంతి ఇవ్వాలి. కారణం కూడా వివరించారు. కండరంలో గ్లైకోజన్ అనే శక్తి నిల్వ ఉంటుంది. కోసిన తరువాత అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, ఆమ్లం పెరిగితే ఆ అంకె తగ్గుతుంది. ఆ ఆమ్లం వల్లే మాంసం పీహెచ్ 7 దగ్గర నుంచి ఒక రోజులో 5.5 చుట్టుపక్కలకు దిగుతుంది. అలా దిగితేనే రంగు, రుచి, నిల్వ బాగుంటాయి. భయపడి, అలసిపోయి, గుంజుకొచ్చిన జీవంలో ఆ నిల్వ ముందే ఖర్చయిపోతుంది. ఇక పీహెచ్ దిగదు.

ఇది మాటలతో వదల్లేదు. పైన ఇనుప కడ్డీకి వేలాడుతున్న రెండు యాటల తొడల్లో సారు పీహెచ్ మీటరు సూది గుచ్చి మమ్మల్ని దగ్గరికి పిలిచారు. ముందు రోజు కోసినవే రెండూ. ఒకటి 5.7 చూపించింది. లేత ఎరుపు, పైన కొంచెం తడి. రెండోది 6.3. ముదురు రంగు, గట్టిగా ఉంది, వేలు పెడితే అతుక్కుంటోంది. అలాంటి ముక్క మా ఊరి షాపుల్లో ఎన్నోసార్లు చూశాను. ముసలి జీవం కాబోలు అనుకునేవాణ్ని. ముసలిది కాదు, అలసిపోయింది. అది తొందరగా చెడిపోతుంది కూడా. మా నాయన జీవాలను ఎంత ప్రేమగా మేపేవాడో నాకు తెలుసు. ఆ కష్టమంతా చివరి రోజు లారీ ప్రయాణంలో పాడవుతోందని అక్కడ నిలబడి చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

తరువాత కోత, శుభ్రత. కోసిన యాటను నేల మీద పడేయకూడదు, వేలాడదీయాలి. తోలు బయటి వైపు తాకిన చెయ్యి మాంసానికి తగలకూడదు. తోలును పిడికిలితో నొక్కుతూ విడదీస్తే కత్తి గాట్లు పడవు, తోలుకూ ధర వస్తుంది. ఆహార నాళాన్ని, వెనక పేగును ముందే కట్టేయాలి, లేకపోతే కడుపులోనిది మాంసం మీద పడుతుంది. కత్తిని మధ్య మధ్యలో 82 డిగ్రీల వేడి నీళ్లలో ముంచాలి. మన షాపుల్లో ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డ పొద్దంతా నడుస్తాయి. ఆ గుడ్డే ఒక యాట మురికిని ఇంకో యాటకు పూస్తుంది.

కార్జాన్ని, ఊపిరితిత్తులను ఎలా చూడాలో చెప్పిన పూట నాకు అన్నిటికన్నా విలువైనది. కార్జంలో పిత్తనాళాలు మందంగా, గట్టిగా కనబడితే కోసి చూడాలి, కార్జపు జలగలనే పురుగులు ఉండొచ్చు. చెరువు గట్ల మీద మేసే మా గొర్రెలకు ఇది కొత్త కాదు. నీటి బుడగల లాంటి తిత్తులు కనబడితే ఆ భాగం కుక్కలకు వేయొద్దని గట్టిగా చెప్పారు. కుక్కలు తింటే ఆ పురుగు మళ్లీ గొర్రెలకు, మనుషులకు చుట్టుకుంటుంది. మా ఊళ్లో కోత దగ్గర కుక్కలు ఎప్పుడూ కాసుకునే ఉంటాయి. ఈ ఒక్క ముక్క ప్రతి ఊరికీ చేరాలి.

నగ్గెట్లు, సాసేజీలు, పచ్చడి కూడా చేయించారు. కైమాలో ఉప్పు వేసి, మంచు ముక్కలతో చల్లగా ఉంచుతూ రుబ్బితేనే మాంసకృత్తులు బయటికొచ్చి పట్టు వస్తుంది. గుడ్లు పెట్టడం మానేసిన ముదురు కోళ్ల మాంసాన్ని ఇలా వాడుకోవచ్చనేసరికి నల్లగొండ అన్న నోట్సు పేజీలు నింపేశాడు. ఇన్ని జీవాలున్న పాలమూరులో ఇలాంటి ట్రైనింగ్ యూనిట్ ఒకటి ఉండాలి. మందలు వదిలి పట్నంలో ఉండలేని కాపరులకు అది పక్కనే దొరకాలి.

ఇక కాగితాలు. కేంద్ర ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ వాళ్ల ఫాస్కాస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. నేను తీసుకున్నప్పుడు చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలు, రోజుకు 10 చిన్న జీవాల కోత వరకు ఈ రిజిస్ట్రేషన్ సరిపోయేది. ఫోటో, గుర్తింపు కార్డు, షాపు చిరునామా రుజువు సిద్ధం చేసుకున్నాను. టైఫాయిడ్ టీకా వేయించుకుని మెడికల్ సర్టిఫికెట్ తీసుకున్నాను. బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించాను. ఇవి సాఫీగానే అయ్యాయి. టెన్షన్ పెట్టింది స్థానిక అనుమతి. ఒక ఆఫీసులో కోత ఎక్కడ చేస్తారో రాసివ్వమన్నారు, రాసిస్తే అది ఇంకో ఆఫీసు పని అన్నారు. అక్కడ మళ్లీ మొదటి ఆఫీసు సంతకం అడిగారు. చివరికి డాక్టరు గారే కోత స్థలం చూసి కాగితం రాసిచ్చాక పని కదిలింది. కోతకు ముందు జీవాన్ని పశువైద్యుడు పరీక్షించాలని, ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదని కబేళాల మీద 2001లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఆ కాపీ చేతిలో ఉంటే మాట్లాడటం తేలికవుతుంది.

ఇప్పుడు షాపు నడుస్తోంది. ముందు రోజు సాయంత్రమే జీవాలను తెచ్చి నీడలో కడతాను. సాహెబ్ తెల్లవారుజామున వచ్చి హలాల్ చేస్తాడు. ఆయన కూడా ఇప్పుడు వేరే కత్తి, వేడి నీళ్లు అడుగుతున్నాడు. అమ్మకం దగ్గర ఒక్కటే కష్టం. "ఫ్రిజ్‌ల పెట్టింది మాకొద్దు బిడ్డా" అంటారు పెద్దవాళ్లు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. కోసిన వెంటనే వండితే మెత్తగా ఉంటుంది, కొన్ని గంటలకు కండరం బిగుసుకుని సాగుతుంది. అయితే 0 నుంచి 4 డిగ్రీల్లో ఒకటి రెండు రోజులుంచితే మళ్లీ మెత్తబడుతుంది. కోయగానే మరీ చల్లటి ఫ్రిజ్‌లో తోసేస్తేనే ముడుచుకుని గట్టిపడుతుంది. ఇది చెప్పి ఇద్దరు ముగ్గురికి అర కిలో చొప్పున ఊరికే ఇచ్చాను, వండుకుని చూడమని. అందులో ఒకావిడ ఇప్పుడు శనివారమే చెప్పి ఆదివారానికి ఆపించుకుంటోంది. మా తమ్ముడికి పచ్చళ్ల వైపు మనసుంది, వచ్చే బ్యాచ్‌కు వాడి అప్లికేషన్ పంపించాం.