కార్తీకంలో ఒకసారి, రోహిణి కార్తెలో ఒకసారి చూసి కొనండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ చాలామంది సంక్రాంతి వెళ్లాక ఇళ్లు చూడటం మొదలుపెడతారు. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల కాలం. వానలు వెలిసి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఆ రెండు నెలల్లో ఏ ఇల్లయినా బాగానే కనపడుతుంది. మన ప్రాంతంలో ఇంటి అసలు రంగు బయటపడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో, ఆ తర్వాత మే నెలాఖరు ఎండల్లో. కుదిరితే ఆ రెండు వేళల్లోనూ ఇంటిని చూడండి. కుదరకపోతే ఆ రెండిటినీ దృష్టిలో పెట్టుకుని ప్రశ్నలు అడగండి.

అంతకంటే ముందు, బ్రోకరుకు ఫోన్ చేయకముందే, ఒక కాగితం మీద మీ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో రాయండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఇంట్లో ఎవరుంటారు? పెద్దవాళ్లు మెట్లెక్కగలరా? రోజూ కృష్ణపట్నం పోర్టుకు పోవాలా? చేపలు బజారులోనే కోయించుకుని వస్తారా, ఇంటికి తెచ్చి కడుక్కుంటారా? ఆవకాయ, వడియాలు ఇంట్లో పెడతారా? ఈ జవాబులు రాసుకోకుండా తిరిగితే హాలు ఎంత పెద్దదో, టైల్స్ ఎంత మెరుస్తున్నాయో అన్నదే చివరికి నిర్ణయం అవుతుంది.

దారి సంగతి చూద్దాం. నెల్లూరును చెన్నై-విజయవాడ రైలు మార్గం రెండుగా చీలుస్తుంది. మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిలు గట్టి వాన పడితే నీళ్లతో నిండిపోతాయి. బడి ఒక పక్కన, ఆఫీసు ఒక పక్కన ఉంటే వానాకాలమంతా మీ రోజు ఆ బ్రిడ్జిల చేతిలో ఉన్నట్టే. ముత్తుకూరు రోడ్డు మీద ఉద్యోగం పెట్టుకుని పొదలకూరు రోడ్డులో ఇల్లు కొంటే రోజూ రెండుసార్లు ఊరంతా దాటాలి. ఒంగోలులో చీమకుర్తి క్వారీలకు వెళ్లేవాళ్లకు కర్నూలు రోడ్డు వైపు సుఖం. దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ఉదయం ఎనిమిదిన్నరకు బండి మీద పట్టే నిమిషాల్లో కొలవండి.

ఇక వాన. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు మునిగాయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. నది పక్కన ముప్పు ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్త పడతారు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది నదికి దూరంగా, మాగాణి మీద వేసిన లేఅవుట్లలో. నిన్నటిదాకా వరి పండిన నేల చుట్టుపక్కల కంటే పల్లంగానే ఉంటుంది. చెరువు నుంచి వచ్చే పంట కాలువను లేఅవుటులో పూడ్చేసినా నీళ్లు మాత్రం పాత దారినే వెతుక్కుంటాయి. సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబీ స్కెచ్, అంటే పొలం హద్దులూ కొలతలూ చూపే పటం, తీసుకుంటే ఆ సర్వే నంబరులో వాగో, కాలువో ఉందేమో తెలుస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి. పదేళ్ల కిందట అక్కడ నీళ్లు నిలిచిన మచ్చ ఉంటే అది ఇప్పటికీ కనపడుతుంది.

పల్లాన్ని గ్రావెల్ తోలి ఎత్తు చేస్తారు. తోలిన మట్టి కొన్ని వానాకాలాలు గడిచేదాకా దిగుతూనే ఉంటుంది. పునాది ఆ తోలిన మట్టిని దాటి కిందున్న అసలు నేలలోకి వెళ్లిందా అని బిల్డరును అడగండి. వెళ్లకపోతే మూడో ఏడు గచ్చు కుంగి, గోడ అంచున సందు పడుతుంది.

వీధిలో నిలబడి ఇంటి అరుగు ఎత్తు చూడండి. రోడ్డు నడిమధ్య నుంచి కనీసం రెండడుగులు ఉండాలి. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది వేసిన ప్రతిసారీ రోడ్డు నాలుగు నుంచి ఆరు అంగుళాలు పైకి వస్తుంది, ఇల్లు ఆ మేరకు కిందికి పోయినట్టే. పాత పేటల్లో గేటు దాటగానే మెట్టు దిగి లోపలికి వెళ్లే ఇళ్లన్నీ ఒకప్పుడు మెట్టెక్కి వెళ్లినవే. కింద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల ఫ్రిజ్ ఎత్తైన స్టాండు మీద ఉందా, గోడ అడుగున ఒకే ఎత్తులో పెయింటు పొక్కిందా చూడండి. ఓనరు చెప్పనిది ఆ గీత చెబుతుంది. వాన రోజుల్లో బాత్రూంలోకి నీళ్లు ఎదురుతన్నుతాయా అని కూడా ఆ అద్దెవాళ్లనే అడగాలి. బంకమట్టి నేలలో ఇంకుడు గుంత నీటిని పీల్చదు, సెప్టిక్ ట్యాంకు నిండి వెనక్కి కొడుతుంది.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేల వేరే సమస్య. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైపైన పునాది వేసిన ఇంట్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, వానాకాలంలో తలుపులు బిగుసుకుంటాయి. జుట్టు మందం పగులు ప్లాస్టరింగుది, దానికి కంగారు పడక్కర్లేదు. రూపాయి బిళ్ల దూరేంత పగులు గోడకు లోపలా బయటా ఒకేచోట కనపడితే మాత్రం ఇంజనీరును పిలిచి చూపించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. అలాంటి నేలలో అండర్-రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసి లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) వేసి కట్టారా అన్నది ఇంటి రంగు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

నీళ్ల లెక్క ఇలా వేయండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే నలుగురికి 540. కొళాయి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాలు పడితే గంటకు 600 లీటర్లు. నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపే వస్తే మీకు కావాల్సింది 1,080, వచ్చేది 600. మిగతాది బోరు నుంచో ట్యాంకరు నుంచో రావాలి. వీధి చివరి ఇల్లయితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ముందున్నవాళ్లు కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగేస్తారు. అది చట్టవిరుద్ధమే, అయినా ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు సంపులో సుమారు 2,800 లీటర్లు పడతాయి. నలుగురున్న ఇంటికి అది ఐదు రోజుల ధీమా.

బోరు నీళ్లు నోట్లో పోసుకుని 'తియ్యగానే ఉన్నాయే' అనుకోవడం చాలదు. సముద్రం వైపు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దారుల్లో బోరు లోతుకు పోయేకొద్దీ ఉప్పు తగలొచ్చు. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. కనిగిరి లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ మీటరును నమ్ముకోకూడదు, ఫ్లోరైడ్ ఎంతుందో అది చూపదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా అన్నది ల్యాబులోనే తేలాలి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్ఓ మిషను పెడతామంటే అది వదిలేసే నీటిని కూడా పై లెక్కలో కలుపుకోండి.

ఎండ విషయంలో వాస్తు, వాతావరణం పోట్లాడుకుంటాయి. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. మన దగ్గర మే, జూన్ నెలల్లో వడగాలి వీచేది పడమటి నుంచే. మధ్యాహ్నమంతా కాగిన పడమటి గోడ పడుకునే వేళకు గదిలోకి వేడి వదులుతుంది. ఖర్చు తగ్గించడానికి ఆ గోడను నాలుగున్నర అంగుళాలు కట్టిన ఇళ్లలో ఏసీ రాత్రంతా ఆగదు. వాస్తును కాదనక్కర్లేదు. ఆ గోడ తొమ్మిది అంగుళాలు ఉండాలి, దాన్ని ఆనుకుని నిలువెత్తు బట్టల అలమర పెట్టుకోవాలి, కిటికీ దక్షిణానికి మార్చి రెండడుగుల సన్‌షేడ్ వేయించాలి. సాయంత్రం ఐదింటికి ఇల్లు చూడటానికి వెళ్లి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించండి, చాలు. పై అంతస్తు కొంటుంటే శ్లాబు మీద ఏం వేశారో అడగండి. తెల్ల కూల్ టైల్స్ వేస్తే తేడా తెలుస్తుంది, ఉత్త సిమెంటు గచ్చయితే ఫ్యాను వేడిగాలే కిందికి తోస్తుంది.

చల్లగాలి వచ్చేది తూర్పు, ఆగ్నేయం నుంచి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక. పక్కింటి గోడ మీ తూర్పు కిటికీకి మూడడుగుల దూరంలో ఉంటే ఆ కిటికీ వెలుతురుకే పనికొస్తుంది. ఆగ్నేయంలో వంటిల్లు కాబట్టి ఆ గాలి తాలింపు ఘాటును, చేపల పులుసు వాసనను హాల్లోకి మోసుకొస్తుంది. వంటింటికి తలుపు పెట్టుకోండి. ఈమధ్య గ్రూప్‌హౌస్‌లలో ఓపెన్ కిచెన్ అని గోడ తీసేస్తున్నారు, నెల్లూరు వంటకు అది బొత్తిగా పొసగదు. చేపలు ఇంట్లో కడిగేవాళ్లకు వంటింటి వెనక కనీసం నాలుగడుగుల వెడల్పు బాల్కనీ, కొళాయి, జాలీ ఉన్న తూము ఉండాలి. అది లేని ఫ్లాటులో ఆ పనంతా సింకులో చేసి, నెలకోసారి పైపు విప్పించుకోవాలి.

గ్రూప్‌హౌస్‌లో 1,200 చదరపు అడుగులు అన్నారంటే అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలిసే ఉంటుంది. లోపల కాలుపెట్టే కార్పెట్ ఏరియా 900 దగ్గర ఆగొచ్చు, టేపుతో కొలవండి. పెద్దవాళ్లుంటే లిఫ్టుకు జనరేటరు కనెక్షన్ ఉందా, కరెంటు పోయినప్పుడు ఎవరు వేస్తారు అని అడగండి. నెల్లూరు మూలాపేట లాంటి పాత పేటల్లో గుడి దగ్గర, బజారు దగ్గర, కాళ్ల మీద బతుకు నడుస్తుంది. కాని సందులోకి అంబులెన్సు వస్తుందా అన్నది చూసుకోవాలి.

కాగితాల విషయానికొస్తే, ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), లేఅవుటుకు ఎల్‌పీ నంబరు (అనుమతి నంబరు), సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదన్న నిర్ధారణ, ఇవన్నీ లాయరు చూస్తాడు. ఒక్కటి మాత్రం మీరే చూసుకోండి. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. ముప్పై అంకణాలు అంటే ఇక్కడ 240 గజాలు, అక్కడ 120. బయటి ఊరి నుంచి వచ్చి కొనేవాళ్లు అగ్రిమెంటులో అంకణాల పక్కనే చదరపు గజాలు, నాలుగు వైపుల కొలతలు అడుగుల్లో రాయించి, స్థలం మీద టేపు పట్టి చూశాకే సంతకం పెట్టాలి.