"సహనా" కాదు, "సహ నౌ"

ఆషాఢ పూర్ణిమ వస్తే హైదరాబాద్‌లో గురువు గురించి మాటలకు కొదవుండదు. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర భక్తులు బారులు తీరతారు. అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లలో మైకు పెట్టి పిల్లలచేత "సహనావవతు" చెప్పిస్తారు. ఆ తర్వాత వినిపించే ఉపన్యాసాలన్నీ శిష్యుడు గురువుకు ఏం చేయాలన్న దాని మీదే. గురువు ఎలా ఉండాలన్నది మాత్రం ఆ పిల్లలు చెప్పిన మంత్రంలోనే ఉంది. గబగబా చదివేస్తే చెవికి అందదు, అంతే.

ముందు పదాలు విడదీయాలి. చాలామంది "సహనా" దగ్గర ఊపిరి తీసుకుని "వవతు" అంటారు. వినేవాళ్లకు సహనం గురించి ఏదో చెబుతున్నట్టు ఉంటుంది. అసలు అవి మూడు పదాలు: సహ, నౌ, అవతు. నౌ పక్కన అచ్చు వచ్చేసరికి "ఔ" కాస్తా "ఆవ్" అయి "నావవతు" అయింది. స్వరం కూడా దాన్ని పట్టిస్తుంది. వేద పుస్తకంలో "స" కింద అడ్డగీత, అంటే అనుదాత్తం, దిగువ స్వరం. "హ"కు గీత లేదు, ఉదాత్తం, మధ్య స్వరం. "నా" మీద నిలువు గీత, స్వరితం, ఎగువ స్వరం. గొంతు కింద మొదలై "నా" దగ్గర పైకి లేస్తుంది, అక్కడ తెంపడానికి వీల్లేదు. "తేజస్వి నావధీతమస్తు"లోనూ ఇదే సంధి. "వధీతమస్తు" అని విడిగా పలికితే చదువు గుర్తురాదు, వధ గుర్తొస్తుంది.

నౌ అంటే ఇద్దరికి చెల్లే మాట. ఎదురుగా పాతికమంది కూర్చున్నా మంత్రం లెక్కపెట్టేది ఇద్దరినే: గురువు, ఒక శిష్యుడు. పైగా "అవతు" అంటే "కాపాడుగాక", "కాపాడు" కాదు. దేవుడితో నేరుగా మాట్లాడుతున్నట్టయితే తెలుగులో "మమ్మల్ని కాపాడు" అంటాం. ఇక్కడ గురుశిష్యులు ఒకరికెదురుగా ఒకరు కూర్చుని "మనిద్దరినీ ఆయన కాపాడుగాక, మనిద్దరినీ పోషించుగాక, మనిద్దరం కలిసి సామర్థ్యం తెచ్చుకుందాం, మన చదువు వెలుగొందాలి" అనుకుంటున్నారు. ఇలా "మనం" అనగలగడమే గురువుకు మొదటి అర్హత. తనకు అంతా వచ్చేసిందనుకునేవాడి నోట "మనం" రాదు.

చివరి మాట "మా విద్విషావహై". ఈ "మా" మన తెలుగు "మా" కాదు, "వద్దు" అని అర్థం: మనం ఒకరినొకరు ద్వేషించుకోవద్దు. చదువు దగ్గర ద్వేషం ఎందుకొస్తుంది? శంకరాచార్యులు తైత్తిరీయోపనిషత్తుకు రాసిన భాష్యంలో, అంటే వ్యాఖ్యానంలో సూటిగానే చెప్పారు: ఏమరుపాటున శిష్యుడి వల్లో, ఆచార్యుడి వల్లో జరిగిన అన్యాయం వల్ల ద్వేషం పుట్టవచ్చు, దాన్ని శమింపజేయడానికే ఈ ప్రార్థన. పొరపాటు గురువు వైపు నుంచి కూడా రావచ్చని భాష్యమే ఒప్పుకుంది. మన ఉపన్యాసకులు దీన్ని దాటవేస్తుంటారు.

ఆ ఏమరుపాటు ఎక్కడ జరుగుతుందో సంథ, అంటే వేదాన్ని నోటితో నేర్పే పద్ధతి చూస్తే తెలుస్తుంది. గురువు ఒక ముక్క ఒకసారి చెబుతాడు, శిష్యుడు దాన్ని రెండుసార్లు చెబుతాడు. ముక్క పొడుగైతే శిష్యుడు తోక మింగేస్తాడు. మొదటిసారి తప్పు పలికినప్పుడే ఆపాలి. రెండోసారి కూడా పోనిస్తే, రేపు వల్లె వేసేటప్పుడు ఆ తప్పే కంఠస్థమవుతుంది, తర్వాత తుడవడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. ఆపినప్పుడు గద్దించకూడదు. భయపడ్డ గొంతు అనుదాత్తం దగ్గర కిందికి దిగదు, బిగుసుకుంటుంది. అప్పుడు తప్పు శిష్యుడిదిగా కనిపిస్తుంది, కారణం గురువు.

జూమ్ తరగతుల్లో ఇంకో చిక్కు. గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వస్తాయి కాబట్టి అందరినీ మ్యూట్‌లో పెట్టక తప్పదు. అప్పుడు మంత్రంలోని "భునక్తు" (పోషించుగాక) కాస్తా "బునత్తు" అయినా గురువుకు తెలియదు. విడివిడిగా వినడం ఒక్కటే దారి. మనిషికి 3 నిమిషాలు ఇచ్చినా 20 మందికి గంట. అంతకుమించి చేర్చుకుంటే అది సంథ కాదు, ప్రసారం.

గురువు తన వల్లె మానకూడదన్నది తైత్తిరీయోపనిషత్తు మొదటి భాగమైన శీక్షావల్లిలో తొమ్మిదో అనువాకం, అంటే తొమ్మిదో విభాగం. ఋతం, సత్యం, తపస్సు అంటూ ఒక్కొక్కటీ చెప్పి, ప్రతిదాని పక్కనా "స్వాధ్యాయప్రవచనే చ" అంటుంది, మొత్తం 12 సార్లు. స్వాధ్యాయం తను చదువుకోవడం, ప్రవచనం ఇతరులకు చెప్పడం. వరసలో స్వాధ్యాయమే ముందు. కృష్ణయజుర్వేదంలోని 82 పన్నాలూ (అధ్యాయాలూ) వచ్చిన ఘనాపాఠి, అంటే వేదపఠనంలో పై మెట్టు అందుకున్న పండితుడు కూడా రోజూ వల్లె వేసుకునేది ఇందుకే.

అదే శీక్షావల్లి నాలుగో అనువాకంలో గురువు చేసే హోమం ఉంది. మన ఇళ్లలో ఆవహంతీ హోమం పేరుతో అన్నవస్త్రాల సమృద్ధికి చేయించుకునేది అదే. అన్నపానాలు అడగడం అందులో నిజంగానే ఉంది, కానీ వెంటనే గురువు శిష్యుల కోసం అడుగుతాడు: "ఆ మా యంతు బ్రహ్మచారిణః స్వాహా". నాకు శిష్యులు దొరకాలి అని. పోలిక కూడా చెబుతాడు: నీళ్లు పల్లానికి పోయినట్టు, నెలలు సంవత్సరంలో కలిసినట్టు రావాలి. నీరు పల్లమెరుగు అంటాం కదా. ఆ పోలికలో శిష్యులు నీళ్లయితే పల్లం తనే. గట్టున కూర్చుని పిలిచేవాడు ఈ మంత్రం చెప్పలేడు.

పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు ఈ హోమం చేయించుకుంటే, "ఆ మా యంతు" నుంచి "శమాయంతు" దాకా ఉన్న 5 స్వాహాకారాలను నిదానంగా చెప్పమని పురోహితులను అడగండి. ఒక్కోదానికి ఒక ఆహుతి నెయ్యి. సాధారణంగా ఈ అయిదూ ఒక్క ఊపులో వెళ్లిపోతాయి.