ఏ పనీ లేని ప్రయాణం

కాలం, దూరం, వేగం పాఠం వచ్చినప్పుడల్లా ఒక పీరియడ్ రైలు గురించి చెప్పడానికే అయిపోయేది. మాల్దీవుల్లో రైలు లేదు. దేశం మొత్తం మీద పన్నెండు వందలకు దగ్గరగా దీవులుంటే, అందులో జనం ఉండేవి 200 లోపే. నేను లెక్కల టీచరుగా పని చేసిన దీవిని చుట్టి రావడానికి అరగంట నడక చాలు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి "250 మీటర్ల పొడవున్న రైలు వంతెనను ఎంతసేపట్లో దాటుతుంది" అని లెక్క ఇస్తే, ముందు రైలంటే ఏమిటో చెప్పాలి కదా. అది నాకు చాలా ఇష్టమైన క్లాసు. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, మా ఆమదాలవలసలోనే. గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టుకుంటూ పెరిగినదాన్ని, బోర్డు మీద ఇంజను దగ్గర నుంచి గార్డు పెట్టె దాకా గీసేదాన్ని.

2023లో అలా గీస్తుంటే వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది. "మిస్, మీరు రైలెక్కి ఎక్కడెక్కడికి వెళ్లారు?"

ఉత్సాహంగా మొదలుపెట్టాను. విశాఖపట్నం, చదువుకి. విజయవాడ, అక్కడి నుంచి బస్సులో అవనిగడ్డ, డీఎస్సీ కోచింగ్‌కి. చెన్నై, ఇంటర్వ్యూకి. తిరువనంతపురం, మాల్దీవుల రాజధాని మాలేకి విమానం ఎక్కడానికి. మళ్లీ ఇంటికి. అంతే, ఇంకో పేరు దొరకలేదు.

"చూడ్డానికి ఎక్కడికి వెళ్లారు మిస్?" అందా పిల్ల.

ఎక్కడికీ వెళ్లలేదని చెప్పి లెక్కలోకి దిగిపోయాను. కానీ ఆ రోజు క్వార్టర్‌కి వచ్చి అన్నం వండుకుంటుంటే కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకప్పటికి 34 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా విదేశంలో ఉన్నదాన్ని. ఎవరూ పంపకుండా, ఏ పనీ లేకుండా నేను ఒక్క ఊరికి కూడా వెళ్లలేదు.

మా జిల్లాలో ఊరు దాటడమంటే పనికే. మా ముత్తాత కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్లాడు. రంగూన్‌ని మా వైపు పాత మనుషులు రంగం అనే అనేవారు. అక్కడ రేవులో కూలి. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు, అడవుల్లో పడి నడిచి వచ్చేసిన లక్షల మందిలో ఆయనా ఒకడు. ఆ నడకలో ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు మా సముద్రం ఒడ్డు ఊళ్ల వాళ్లు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఉద్దానం కుర్రాళ్లు వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్‌కి వెళ్తారు. నేను ఎమ్మెస్సీ, బీఈడీ చేసి దీవికి వెళ్లాను. చదువు తేడా, జీతం తేడా, అంతే. అటు ఒకరు మన రోజులు లెక్కపెడుతుంటారు, ఇటు ఒకరు డబ్బు కోసం ఎదురు చూస్తుంటారు.

దీవి మీద నాకు కోపమేమీ లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను తిరిగొచ్చిన సమయం అలాంటిది. 2024 జనవరిలో అక్కడి ఉపమంత్రులు మన ప్రధాని మీద చేసిన వ్యాఖ్యలతో రెండు దేశాల మధ్య పెద్ద గొడవ అయింది. మా ఊళ్లో అందరూ నన్ను అందుకే తరిమేశారనుకున్నారు. కాదు. ఆ దీవి తల్లులు నాకు ములగాకు, కొబ్బరి, చేప కలిపి చేసిన కూర గిన్నెల్లో పంపేవారు. జ్వరం వస్తే రాత్రంతా నా పక్కన కూర్చున్న ఇంటావిడ పేరు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. నేను తప్ప తెలుగువాళ్లు లేరు, ఉన్న టీచర్లలో ఎక్కువ మంది మలయాళీలు, తర్వాత తమిళులు. నాకు కాస్త తమిళం వచ్చింది వాళ్ల దగ్గరే. కష్టమంతా డబ్బు పంపడంలో ఉండేది. జీతం అక్కడి రుఫియాల్లో. డాలరుకు 15.42 రుఫియాలని బ్యాంకు రేటు, కానీ ఆ రేటుకి కావలసినన్ని డాలర్లు దొరకవు. బయట కొంటే జీతంలో కొంత అక్కడే ఆవిరైపోయేది. నెల మొదటి వారమంతా అదే టెన్షన్.

ఆ జీతంతోనే ఇంటికి శ్లాబు పడింది, తమ్ముడి ఇంజినీరింగ్ అయింది, కుదువలో ఉన్న అమ్మ నాంతాడు ఇంటికి వచ్చింది. అన్నీ అయ్యాక కూడా ఏటేటా కాంట్రాక్టు మీద సంతకం పెడుతూనే ఉన్నాను. ఈసారి పెట్టలేదు.

ఫోనులో చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఓలమ్మా, బంగారం నాంటి ఉద్యోగం ఒగ్గేసి ఊర్లు తిరగడానికెల్తావేటే? అక్కడ ఎవులేనా ఏటైనా అన్నారా?" అంది.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. చూసొస్తాను."

"ఏటి సూస్తావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తమ్ముడు ఫోను తీసుకుని, "అప్పా, నువ్వెళ్లు. అమ్మకి నేను చెప్తాను," అన్నాడు. వాడు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే బహుశా ఆగిపోయేదాన్నేమో.

రెండు పెద్ద సూట్‌కేసులు తిరువనంతపురం వెళ్తున్న తోటి టీచరుకిచ్చి పంపేశాను. మాలేలో మజీదీ మాగు వీధిలో వీపుకు తగిలించుకునే 40 లీటర్ల సంచి కొన్నాను. శ్రీలంకనే ఎంచుకోవడానికి కారణం దగ్గరని, ఆ నెలల్లో మనవాళ్లకు వీసా రుసుము లేదని, మన రూపాయికి అక్కడ దాదాపు నాలుగు రూపాయలు వస్తాయని. ముఖ్యంగా అక్కడ రైలుందని.

కొలంబోలో మొదటి రాత్రి ఆరు మంచాల గదిలో పడుకున్నాను. సంచి పట్టీని మణికట్టుకి చుట్టుకుని, పాస్‌పోర్టు నడుముకి కట్టుకుని, తెల్లారేదాకా కళ్లు మూయలేదు. ఎనిమిదేళ్లు ఒంటరిగా బతికినదాన్ని, అయినా భయం వేసింది. దీవిలో నేను ఎవరో అందరికీ తెలుసు, నేను టీచర్ని. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఫోర్ట్ స్టేషన్‌కి నడిచి వెళ్లి, కొండల్లోని బదుల్లా వెళ్లే పొడి మెణికే అనే బండి మూడో తరగతి పెట్టె ఎక్కాను. సీటు లేదు, తలుపు దగ్గర నిలబడ్డాను. కొండలు మొదలయ్యాక బండి ఒక మలుపు తిరిగితే ముందు పెట్టెలన్నీ కనబడ్డాయి. ఫోన్ తీసి వీడియో పట్టి, క్లాసు వైబర్ గ్రూపులో పెట్టాను. "ఇది చూడ్డానికి ఎక్కిన రైలు" అని రాశాను. ఆ వెనక బెంచీ పిల్ల వెంటనే అడిగింది, "పొడవెంత మిస్?" ఆ తర్వాత నాకు భయం వేయలేదు.

హట్టన్‌లో దిగి శ్రీపాద కొండ ఎక్కాను. 2,243 మీటర్ల ఎత్తు, 5,000కు పైగా మెట్లు, అర్ధరాత్రి బయలుదేరితే సూర్యోదయానికి పైకి చేరతాం. పైనున్న పాదం గుర్తు బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లిములు అంటారు. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టాలట. నేను ఒక్కసారి కొట్టాను.

ఆ కొండ కింద టీ తోటల్లో నాలుగు రోజులున్నాను. అనుకున్నది ఒక రోజే. ఆకు కోసే ఆడవాళ్లు తమిళులు. తెల్లవాళ్లు 19వ శతాబ్దంలో తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల మునిమనవరాళ్లు. 1948లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ కొత్త దేశం వీళ్లలో చాలామందికి పౌరసత్వం ఇవ్వలేదు. 1964 ఒప్పందం తర్వాత లక్షల మందిని ఇండియాకి పంపేశారు. ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పటికీ అప్పటి లైను ఇళ్లలోనే ఉన్నారు, ఒక గోడకి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. నేను వెళ్లినప్పుడు రోజు కూలి 1,000 శ్రీలంక రూపాయలు. మన లెక్కలో 260 దాకా. సాయంత్రం ఆకు తూకం దగ్గర నిలబడి చూశాను. ముల్లు ఎక్కడ ఆగుతుందోనని వాళ్లు చూసే చూపు మా అమ్మది. ఉపాధి పనిలో కొలతలు తీసేటప్పుడు అమ్మ అలాగే చూసేది.

వాళ్లలో పెద్దావిడ ఒకామె టీ ఇచ్చి, తమిళంలో అడిగింది, నన్ను ఎవరు పంపారని. కంపెనీనా, చర్చా, గవర్నమెంటా అని. ఎవరూ పంపలేదంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. నేను వచ్చీరాని తమిళంలో మా ముత్తాత గురించి, రంగం గురించి చెప్పాను. అది ఆమెకు వెంటనే అర్థమైంది. "నడిచి వచ్చాడా?" అని రెండుసార్లు అడిగి, నా చేయి పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.

క్యాండీ వెళ్లింది ఆ తర్వాత. దలదా మాళిగావ, బుద్ధుడి దంతం ఉన్న గుడి. సాయంత్రం పూజకి డప్పులు మోగుతున్నాయి, తెల్ల బట్టల్లో జనం నీలి కలువలు పట్టుకుని వరుసలో ఉన్నారు. దంతం కనిపించదు, దాన్ని దాచిన బంగారు భరిణె మాత్రం తలుపు తెరిచినప్పుడు దూరం నుంచి కనిపిస్తుంది. నేను దండం పెట్టుకుని లోపలి మందిరంలోకి వెళ్లాను. అక్కడ ఆ దంతం కథని వరుసగా బొమ్మలు వేసి పెట్టారు. ఒక బొమ్మ కింద రాతలో కళింగ, దంతపుర అని ఉంది.

అక్కడే ఆగిపోయాను.

డిగ్రీ చదివిన మూడేళ్లూ నా బస్సు దంతపురం వైపు దారి మీదుగానే వెళ్లేది. సరుబుజ్జిలి మండలంలో ఉంది. దంతవక్త్రుని కోట అంటారు, మట్టి గోడ దిబ్బలు. మా అమ్మ కన్నవారి ఊరు ఆ పక్కనే. చిన్నప్పుడు ఆ దిబ్బల మీదే ఆవుల్ని మేపేదట. నేను ఒక్కసారి కూడా బస్సు దిగలేదు.

కథ ఇది. బుద్ధుడి చితి నుంచి తీసిన దంతం కళింగ రాజులకు చేరి దంతపురంలో ఉండేదట. 4వ శతాబ్దంలో శత్రువులు మీద పడుతుంటే గుహశివుడనే రాజు, కూతురు హేమమాలని, అల్లుడు దంతకుమారుణ్ని మారువేషాల్లో పంపేశాడు. హేమమాల ఆ దంతాన్ని జుట్టులో దాచుకుని సముద్రం దాటింది. ఆ దంతపురం మాదేనని మా వైపు నమ్ముతారు, పూరీ అన్న పండితులూ ఉన్నారు. అది తేల్చే చదువు నాది కాదు. నేను చూసింది ఆ బొమ్మలోని అమ్మాయి తల. ఆమె కూడా పని మీదే వచ్చింది. నాన్న పంపితే, జుట్టులో బరువు పెట్టుకుని వచ్చింది. వెనక్కి వెళ్లే దారి లేదు. మా ముత్తాత, బోట్ల మీది వాళ్లు, తూకం దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు, ఎనిమిదేళ్లుగా నేను, అందరం ఆ బొమ్మలో ఉన్నట్టనిపించింది. ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలాయన భక్తి అనుకుని నా చేతిలో ఒక కలువ పెట్టాడు.

అనురాధపురం, త్రికోణమలై తిరిగాను, అవి బాగున్నాయి, వాటి గురించి చాలామంది రాశారు. మొత్తం 38 రోజులు. విమానాలు కాక రోజుకు 1,800 రూపాయల దాకా అయింది.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. దీవిలో వచ్చినదానిలో మూడో వంతు కూడా రావడం లేదు, నెలాఖరుకి చేతిలో డబ్బు ఆడదు. ఆ బాధ నిజమైనదే.

వచ్చిన వారానికి అమ్మని ఆటోలో దంతపురం తీసుకెళ్లాను. దిబ్బ మీద తాటిచెట్టు నీడలో కూర్చుని ఫోనులో బొమ్మ చూపించి కథంతా చెప్పాను. అమ్మ బొమ్మని పెద్దది చేయమంది. హేమమాల ముఖం కాదు, జుట్టు చూసింది.

"ఇక్కడ్నుంచే ఎల్లిందా?"

"అంటారమ్మా. ఓడెక్కింది మాత్రం తామ్రలిప్తిలోనట. బెంగాల్ వైపు."

అమ్మ చుట్టూ చూసింది. తను ఆవులు కాసిన దిబ్బలు. కాసేపటికి లేచి, చీర దులుపుకుని, ఆటో దగ్గరికి నడిచింది.

"బాబూ, కళింగపట్నం తోల్తావా?"

"శానా దూరం కదమ్మా. అక్కడేటి పని?"

"పనేటీ నేదు నాయనా," అంది అమ్మ, ఎక్కి కూర్చుంటూ. "ఊరికినే."