యాడ అంటే తప్పా నాన్నా?

"నాన్నా, ఈ పుస్తకం నిండా తప్పులే. నేను చదవను."

మా పదేళ్ల కూతురు పుస్తకం మూసి మా అమ్మ మంచం మీద పెట్టేసింది. తిరుపతిలో జూన్ నెల మధ్యాహ్నం, విదేశం నుంచి సెలవులకు మా అమ్మ దగ్గరికి వచ్చాం. ఏం తప్పులమ్మా అంటే మళ్లీ తెరిచి వేలు పెట్టి చూపించింది. 'ఎక్కడ' ఉండాల్సిన చోట 'యాడ' ఉంది. 'ఉంది' ఉండాల్సిన చోట 'ఉండాది' ఉంది.

"నువ్వే కదా చెప్పావు, యాడ అనకూడదు, ఎక్కడ అనాలి అని."

నేనే చెప్పాను. రెండేళ్ల కిందట ఒక ఆదివారం అవ్వతో వీడియోలో గంటసేపు మాట్లాడి వచ్చి, వాళ్లమ్మ కనపడకపోతే "అమ్మ యాడికి పాయ?" అని అడిగింది. నా భార్యా నేనూ మురిసిపోయాం. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి, "అలా అనకూడదు, అమ్మ ఎక్కడికి వెళ్లింది అనాలి" అని మూడుసార్లు అనిపించాను. శనివారం తెలుగు బడిలో ఎవరైనా నవ్వుతారేమోనని నా భయం.

ఆ భయం ఎక్కడిదో నాకు బాగా తెలుసు. పాకాల దగ్గర మా ఊరి నుంచి హైదరాబాదు హాస్టలుకు పోయిన మొదటి వారం, మెస్సులో "సంగటి ఉండదా?" అన్నందుకు ఏడాదంతా నన్ను ఆ మాటతోనే పిలిచారు. ఆరు నెలల్లో నా మాట మార్చుకున్నాను. సెలవులకు ఇంటికొస్తే మా నాయన "ఏందిరా, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతా ఉండావు" అన్నాడు. అప్పుడు గర్వపడ్డాను. నేను దాచుకున్న మాటనే నా కూతురి నోట కూడా దాచిపెట్టించానని ఆ మధ్యాహ్నం అర్థమైంది.

ఆ పుస్తకం మా ఇంటికి వచ్చిన కథ కూడా చెప్పాలి. మా అమ్మ ఇంటిపన్ను రశీదు పాప చేతికి చిక్కింది. తెలుగు అక్షరాలు కనపడితే చదవడం తన అలవాటు. గ్రంథాలయ పన్ను అన్న మాట దగ్గర ఆగి, ఇదేమిటని అడిగింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు పోతుందనీ, దానికి 1960లో చేసిన చట్టం ఉందనీ, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉంటాయనీ నాకు తెలిసినంత చెప్పాను. "అయితే అవ్వా, నువ్వు డబ్బు కడుతున్న లైబ్రరీ చూద్దాం పద" అంది. మా అమ్మ ఇన్నేళ్లుగా ఆ పన్ను కడుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. నేనూ అడిగింది లేదు.

వెళ్లాం. హాలంతా పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలు, ఎవరి నీళ్ల సీసా వాళ్ల ముందు. మూలన బల్ల దగ్గర పెద్దాయన ఒకరు పేపరు చదువుతున్నారు. పుస్తకాలు గాజు బీరువాల్లో ఉన్నాయి, బీరువాలకు తాళాలున్నాయి. అక్కడి ఉద్యోగి మాత్రం పాపను చూసి సంతోషపడిపోయాడు. "తెలుగు చదువుతుందా సార్? మన జిల్లా వాళ్లది ఇస్తా ఉండండి" అని తాళం తీసి, చిత్తూరు యాసలో రాసిన కథల పుస్తకం ఇచ్చాడు. లోపల అంటించిన చీటీ మీద తేదీ ముద్రలు నాలుగే ఉన్నాయి. మా అమ్మ పేరు మీద డిపాజిట్ కట్టి కార్డు తీసుకున్నాం.

ఇంటికొచ్చాక పాప చేసిన పని ఇంకా నా కళ్ల ముందే ఉంది. మొదటి పేజీలో 'కయ్య' అన్న మాట తగిలింది. వేలు ఆ మాట మీద పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచింది. విదేశంలో మేముండే చోట పాప మా లైబ్రరీ కార్డు మీద లిబీ అనే యాప్‌లో ఈ-పుస్తకాలు తీసుకుంటుంది. అర్థం తెలియని మాట మీద వేలు ఉంచితే నిఘంటువు తెరుచుకుంటుంది. కాగితం మీద ఏమీ తెరుచుకోలేదు. నా వైపు చూసింది. కయ్య అంటే నాకు తెలుసు, కానీ చెప్పబోతే 'పొలం' అన్న ఒక్క మాట తప్ప నోట్లోకి ఏమీ రాలేదు. ఆ తర్వాతే తప్పుల మాట వచ్చింది, పుస్తకం మూత పడింది.

మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా వింటూనే ఉంది. "ఇట్రా పాపా" అని పిలిచింది. చేటలో బియ్యం చదునుగా పరిచి, చూపుడు వేలితో నాలుగు పక్కలా గట్టులాగా పోసింది. "ఇది గెనిమ. నీళ్లు బయటికి పోకుండా కట్టేది. గెనిమ లోపల ఉండేది కయ్య. ఈ మూల తెంపితే నీళ్లు పక్క కయ్యలోకి పోతాయి" అని బియ్యపు గట్టును ఒక మూల వేలితో తెంపింది. పాప ఆ గట్టు మళ్లీ పోసింది, మళ్లీ తెంపింది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి మొదటి కథ చదివారు. పాప చదువుతుంటే మా అమ్మ నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ వింది. తన మాట అచ్చులో ఉంటుందని ఆమెకూ తెలియదు.

ఇక్కడికి తిరిగొచ్చాక ఆ పుస్తకం ఫోనులో దొరుకుతుందేమోనని రాత్రుళ్లు వెతికాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలానే ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి. దొరికినా అది పేజీ ఫోటో. అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకు జరిగిపోతుంది, మాట మీద వేలు పెడితే ఏమీ రాదు. వికీసోర్స్‌లో వలంటీర్లు టైపు చేసినవి హాయిగా చదువుకోవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలను ఉచితంగా పెట్టింది, అన్నమయ్య కీర్తనలు అక్కడే దించుకున్నాను.

మా ఊళ్ల మాట రాసినవాళ్లు మాత్రం ఉచితంగా దొరకడం కష్టం, అందుకు న్యాయమైన కారణమే ఉంది. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. మా పక్కనే దామలచెరువులో ఉండి కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన 1999లో పోయారు, అంటే 2060 రావాలి. మిట్టూరు కథలు రాసిన నామిని సుబ్రమణ్యం నాయుడు గారు మన కాలపు మనిషి. నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి గారు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ, అంత దూరంలో ఉండి కూడా చిత్తూరు మట్టినే రాశారు. ఆయన పోయింది 2015లో. యాస అచ్చెక్కిందే ఆలస్యంగా, అందుకే ఉచిత పుస్తకాల గుట్టలో మా మాట ఇంత తక్కువ. వాళ్ల పుస్తకాలు కొనాలి. లేదా మా లైబ్రరీ చేత కొనిపించాలి.

మా లైబ్రరీలో పాఠకులు పుస్తకం కొనమని అడిగేందుకు ఒక ఫారం ఉంది. రచయిత పేరు, పుస్తకం పేరు రాస్తే చాలు. పదేళ్లుగా ఆ కార్డు నా జేబులో ఉంది. తెలుగు అరలో సినిమా పాటల పుస్తకాలూ వంటల పుస్తకాలూ తప్ప ఏమీ లేవని స్నేహితుల దగ్గర వాపోయాను గానీ ఆ ఫారం ఒక్కసారీ నింపలేదు. ఈ మధ్య నింపడానికి కూర్చున్నాను. నా వేళ్లు ముందుగా రాసినవి కోస్తా వాళ్ల పేర్లు, అందరూ చెప్పే పేర్లు. వాటిని చెరిపి మా వాళ్ల పేర్లు రాశాను. ఎవరైనా తీసుకుంటారా అని సందేహం వచ్చి ఇంకా పంపలేదు.

పిల్లలకు తెలుగు పుస్తకాలు చదివించండి అని నేను నలుగురికీ చెబుతుంటాను. నా కూతురి ఎదుట నేను తెలుగు పుస్తకం పట్టుకుని కూర్చున్న రోజు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రావడం లేదు. ఆ బియ్యపు కయ్య లేకపోతే ఆ పుస్తకం తను మళ్లీ తెరిచేదా? ఫోనులో ఆ పుస్తకం దొరికినా పక్కన చేట పట్టుకుని కూర్చునే మనిషిని నేను ఎక్కణ్నుంచి తేవాలి? మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు.

ఆ పుస్తకం గడువు తీరితే మా అమ్మే ఆటో ఎక్కి పోయి ఇచ్చి, ఇంకొకటి తెచ్చుకుంది. ఆదివారాలు ఫోనులో చదివి వినిపిస్తోంది. పాప పక్కన కాగితం పెట్టుకుని మాటలు రాసుకుంటోంది.

మొన్న శుక్రవారం రాత్రి, తెల్లారితే తెలుగు బడిలో పరీక్ష అనగా, ఆ కాగితంతో నా దగ్గరికి వచ్చింది. "నాన్నా, రేపు యాడ అని రాస్తే మార్కులు తీసేస్తారా?"

తీసేస్తారు. నాకు తెలుసు. "పరీక్షలో ఎక్కడ అనే రాయమ్మా" అన్నాను.

"మరి అవ్వ పుస్తకంలో?"

నేను ఏమీ అనలేదు. తను కాసేపు నిలబడి, కాగితం మడిచి తెలుగు వాచకంలో పెట్టుకుని పడుకోవడానికి వెళ్లింది.