పాత రూటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాను: నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది టీపీ-లింక్ ఆర్చర్ సీ7, రెండో వెర్షన్. 720 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ), 128 ఎంబీ ర్యామ్. పదేళ్లు దాటిన మోడల్, అంత పాతదానికి ఏ కంపెనీ అయినా అప్‌డేట్లు ఇస్తూ కూర్చోదు, అది నాకూ అర్థమవుతుంది. కానీ యాంటెన్నాలు చెక్కుచెదరలేదు, సిగ్నల్ వెనక గదిదాకా వస్తోంది, అలాంటి వస్తువుని సాఫ్ట్‌వేర్ పాతదైందన్న ఒక్క కారణంతో పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పలేదు. అందుకే కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

అసలు నన్ను కదిలించింది మాత్రం కాల్స్ తెగిపోవడం. సాయంత్రం అందరూ ఇల్లు చేరాక మా చెల్లి ఆఫీసు కాల్‌లో కూర్చుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ నిక్షేపంగా చూపించేది. కేబుల్ ఆపరేటర్ దగ్గర నుంచి వచ్చిన కుర్రాడు చూసి "అన్నా, రూటర్ పాతదైపోయింది, కొత్తది పెట్టించేయండి" అన్నాడు. నేను పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) పెట్టి గమనించాను. మామూలుగా 15 మిల్లీసెకన్లు ఉండేది, ఎవరి ఫోన్‌లోనైనా ఫొటోల బ్యాకప్ మొదలైతే 400 దాకా ఎగబాకేది, బ్యాకప్ ఆగగానే మళ్లీ దిగేది. అంటే స్పీడుకి లోటు లేదు, లోటల్లా వరస పెట్టడంలోనే. దీనికి జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. పరికరాల్లో బఫర్లు, అంటే డేటా తన వంతు కోసం ఆగే చోట్లు, మరీ పెద్దవైపోయి డేటా అందులో పేరుకుపోతే, చిన్న చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) కూడా ఆ వెనకే నిలబడాల్సొస్తుంది, టోల్ గేటు దగ్గర ఇసుక లారీల వెనక అంబులెన్స్ ఇరుక్కున్నట్టు. దీనికి మందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఉందని చదివాక ఇక ఆగలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్ వచ్చింది. దాని లోపల నడిచేది లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అని బయటి ప్రోగ్రామర్లు కనిపెట్టారు. జీపీఎల్ లైసెన్సు ప్రకారం ఆ సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలని గట్టిగా అడిగితే 2003లో బయటికొచ్చింది, ఆ పునాది మీద 2004లో ఈ ప్రాజెక్టు మొదలైంది. మధ్యలో 2016లో కొందరు లీడ్ అనే పేరుతో విడిపోయారు, 2018లో మళ్లీ కలిసిపోయారు. ఈరోజు నా పాత డబ్బాలో 2025లో వచ్చిన 24.10 వెర్షన్ నడుస్తోందంటే, ఇన్నేళ్లుగా పైసా ఆశించకుండా దాన్ని కాపాడుకుంటూ వచ్చినవాళ్ల పుణ్యమే. వాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

ఎవరైనా చేయాలనుకుంటే మొట్టమొదట రూటర్‌ని తిరగేసి అడుగున స్టిక్కర్ చూడండి. పేరు ఒకటే ఉన్నా వెర్షన్ మారితే లోపల చిప్పు, ఫ్లాష్ మారిపోవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లో టేబుల్ ఆఫ్ హార్డ్‌వేర్ అని పెద్ద పట్టిక ఉంటుంది, అందులో మీ మోడల్, మీ వెర్షన్ రెండూ కలవాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటికి కొత్త వెర్షన్లు ఎక్కవు, వాటిమీద ఆశ వదులుకోవడమే. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులున్న చాలా రూటర్లలో ఓపెన్ డ్రైవర్లు సరిగ్గా లేక వైఫై దెబ్బతింటుంది, అందుకే అవీ వద్దు.

ఫైళ్లు రెండు రకాలు. కంపెనీ ఫర్మ్‌వేర్ (రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీంచి మొదటిసారి ఎక్కించడానికి ఫ్యాక్టరీ ఫైలు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కాక తర్వాతి వెర్షన్లకి వెళ్లడానికి సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు. నేను రెండూ దించుకుని, సైట్‌లో ఇచ్చిన షా256 సంఖ్యతో (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పేది) సరిపోల్చుకున్నాను. వెనక్కి రావాల్సొస్తే ఉంటుందని కంపెనీ ఒరిజినల్ ఫర్మ్‌వేర్ కూడా దాచాను. ఇక్కడొక జాగ్రత్త: ఆ ఒరిజినల్ ఫైలు పేరులో బూట్ అనే మాట ఉంటే దాంట్లో బూట్‌లోడర్ (రూటర్‌ని మొదట లేపే చిన్న ప్రోగ్రామ్) కూడా కలిసి ఉన్నట్టు, ఆ భాగం కత్తిరించకుండా వెనక్కి ఎక్కించకూడదు. ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ (నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకున్నాను, ఎందుకంటే ఫ్లాష్ అయ్యాక నెట్ ఉండదు, వెతుక్కోవడానికి దారి ఉండదు. కొన్నిచోట్ల ఆపరేటర్లు కనెక్షన్‌ని రూటర్ మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ముడిపెడతారు కాబట్టి అదీ రాసుకున్నాను.

అసలు ఘట్టానికి వస్తే, రూటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్‌కి మార్చాను, మధ్యలో కరెంటు పోతే రూటర్ బ్రిక్ అయ్యే (ఇక పనిచేయకుండా పోయే) ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి ల్యాన్ కేబుల్‌తో కలిపి, పాత సెట్టింగ్స్ పేజీలో సిస్టమ్ టూల్స్ కింద ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్‌కి వెళ్లి ఫ్యాక్టరీ ఫైలు ఇచ్చాను. ఫైలు పేరు మరీ పొడుగ్గా ఉంటే ఆ పేజీ ఒప్పుకోకపోవచ్చని చదివాను కాబట్టి ముందే చిన్న పేరు పెట్టేశాను. బటన్ నొక్కాక ఆ కాసేపూ టెన్షన్ మామూలుగా లేదు. లైట్లన్నీ ఆరిపోయాయి, పవర్ లైటు కొట్టుకోవడం మొదలైంది, బ్రౌజర్ పేజీ తిరుగుతూనే ఉంది. పాత చిరునామా 192.168.0.1, కొత్తది 192.168.1.1, కాబట్టి ఆ పాత పేజీ ఎంతసేపు తిరిగినా తెరుచుకోదు. లైటు నిలకడగా వెలిగాక కేబుల్ ఒకసారి తీసి పెట్టి, కొత్త చిరునామా కొడితే ల్యూసీ, అంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగ్స్ చూసే వెబ్ పేజీల లాగిన్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. మొట్టమొదట చేయాల్సిన పని ఆ పాస్‌వర్డ్ పెట్టడం.

వైఫై కనపడలేదని కంగారు పడొద్దు, మొదట్లో కావాలనే ఆపి ఉంచుతారు. దేశం దగ్గర ఇండియా ఎంచుకుని, డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ పెట్టి ఆన్ చేశాను. 5 గిగాహెర్ట్జ్‌లో 52 పైన ఉండే కొన్ని ఛానళ్లలో చుట్టుపక్కల రాడార్ లేదని తేల్చుకోవడానికి రూటర్ నిమిషంపాటు వింటూ కూర్చుంటుంది, ఆ నిమిషం నెట్‌వర్క్ పేరు కనపడదు. నేను 36 పెట్టుకున్నాను, ఆ గొడవే లేదు. పాత పేరు, పాత పాస్‌వర్డ్‌లే పెట్టడంతో ఇంట్లో ఎవరి ఫోనూ మళ్లీ కలపాల్సిన పని పడలేదు. వ్యాన్ (బయటి నెట్ వచ్చే వైపు) దగ్గర పీపీపీఓఈ ఎంచి ఆ కాగితంలో ఉన్నవి కొడితే నెట్ వచ్చేసింది.

ఇక ఎస్‌క్యూఎం, అంటే ఆ వరసని సర్దే సదుపాయం. ఓపీకేజీ అనే ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్‌తో ప్యాకేజీల జాబితా తాజా చేసి, ల్యూసీ ఎస్‌క్యూఎం యాప్ వేశాను. ఇంటర్ఫేస్ పీపీపీఓఈ వ్యాన్, డౌన్‌లోడ్ 90000, అప్‌లోడ్ 90000 కిలోబిట్లు, అంటే నాకొచ్చే స్పీడులో తొంభై శాతం. ఉన్నదానికంటే కొంచెం తక్కువ ఇవ్వడం ఎందుకంటే, వరస ఎక్కడో ఆపరేటర్ పరికరంలో కాకుండా మన రూటర్‌లోనే పడాలి, అప్పుడే ఏ ప్యాకెట్ ముందు పోవాలో మన చేతిలో ఉంటుంది. క్యూ రకం కేక్ (వరసని సర్దే ఒక పద్ధతి), ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కీ అదనంగా లెక్కేసే బైట్లు) 44. 2012లో కాథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ ఇచ్చిన కోడెల్ పద్ధతి ఈ కేక్‌కి వెనక ఉంది, 2018లో అది లినక్స్‌లోకే వచ్చేసింది. సేవ్ కొట్టి, కావాలనే ఫోన్‌లోంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి పింగ్ చూశాను. 20 దగ్గర ఆగింది, ఎంతసేపు చూసినా ఆ పైకి పెద్దగా పోలేదు. ఆ అంకెలు చూస్తుంటే కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మా చెల్లి కాల్స్ ఆ సాయంత్రం నుంచి తెగలేదు. 720 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మా 100 ప్లాన్‌కి సరిపోయింది కానీ, ప్లాన్ 300 లాంటిదైతే దీనికి ఎస్‌క్యూఎం మోసే శక్తి ఉండదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి.

భయపడేవాళ్లకి ఒక మాట. అసలు సిస్టమ్ ఫ్లాష్‌లో చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో ఉంటుంది, మనం మార్చే సెట్టింగ్స్ వేరే పొరలో ఉంటాయి. సెట్టింగ్ ఏదైనా చెడితే బూట్ అవుతున్నప్పుడు బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్లి ఆ పొర తుడిచేస్తే చాలు. అసలు బూట్ కాకపోయినా ఈ మోడల్‌కి టీఎఫ్‌టీపీ (కేబుల్ మీదుగా ఫైలు పంపే పద్ధతి) ఉంది: ల్యాప్‌టాప్‌కి 192.168.0.66 చిరునామా ఇచ్చి, రీసెట్ నొక్కిపట్టి పవర్ వేస్తే బూట్‌లోడరే ఫైలు అడుగుతుంది. వికీలో ఇచ్చిన ఫైలు పేరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పెట్టాలి. ఇదంతా ముందే చదివి పెట్టుకున్నాను, అవసరం రాలేదు, కానీ ఆ ధైర్యంతోనే బటన్ నొక్కగలిగాను.

ముందుముందు కొత్త వెర్షన్‌కి వెళ్లేటప్పుడు సెట్టింగ్స్ ఉంటాయి గానీ విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి, అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అనే సదుపాయం వాడితే వాటినీ కలిపి ఇమేజ్ (ఎక్కించే ఫైలు) తయారుచేసి ఇస్తుంది. పాతది కాదు, కొత్తదే కొంటానంటారా, 2024 నవంబర్‌లో ఆ ప్రాజెక్టువాళ్లే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రూటర్ తెచ్చారు. షాపులో దొరికేదే కొనేట్టయితే, డబ్బులు కట్టే ముందు పెట్టె మీద వెర్షన్ చూసి ఆ పట్టికలో వెతకండి.