మా షాపులో మిగిలిపోయే కాగితాలు

తణుకులో మేం జిరాక్స్ షాపు పెట్టి పద్నాలుగేళ్లయింది. మెషిన్ కింద ఒక అట్టపెట్టె ఉంటుంది. మసకగా వచ్చినవి, పక్కకు జరిగినవి, ఒకటి అడిగితే రెండు పడినవి అందులో వేస్తాం. నెలకోసారి చిత్తు కాగితాలతను వచ్చి తూకానికి పట్టుకుపోయేవాడు. అవి ఎక్కడికి పోతాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పోయిన ఏడాది ఒక సాయంత్రం మా అబ్బాయి బండి దగ్గర పునుగులు తెచ్చాడు. నూనె పీల్చిన ఆ పొట్లం మీద ఎవరో ఒకామె ఆధార్ కార్డు ఉంది. ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా, పన్నెండు అంకెలూ చక్కగా కనిపిస్తున్నాయి. మా మెషిన్‌లో తీసినదే కావచ్చు, కాకపోవచ్చు. ఆ పునుగులు మాత్రం నా గొంతు దిగలేదు.

ఆ తర్వాత నెల తిరగకుండానే మా పిన్ని డబ్బు పోయింది.

పిన్నికి చదువు లేదు. వేలిముద్రే ఆమె సంతకం. అరెకరం అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత బ్యాంకు ఖాతాలో ఉంచుకుంది. శ్రావణమాసంలో ఒక బుధవారం డ్వాక్రా వాయిదా కట్టడానికి వెళ్లి పాసుపుస్తకం ప్రింటు వేయించుకుంటే ఇరవై తొమ్మిది వేలు తక్కువ వచ్చాయి. గురువారం పది వేలు, శుక్రవారం పది వేలు, సోమవారం తొమ్మిది వేలు తీసినట్టు ఉంది. మెసేజ్‌లు వచ్చాయి. బటన్ ఫోనులో ఇంగ్లిషులో వచ్చిన ఆ మెసేజ్‌లను ఆమెకు చదివి చెప్పేవాళ్లెవరు?

బ్యాంకులో ఆమెకు దొరికిన జవాబు ఒక్కటే: "మీ వేలిముద్ర పడితేనే డబ్బు వస్తుందమ్మా. మీరే తీసి మరిచిపోయి ఉంటారు."

ఆ శుక్రవారం పిన్ని మా ఇంట్లోనే ఉంది. వరలక్ష్మీ వ్రతం. చేతికి తోరం కట్టుకుని, నాతోపాటు పీట మీద కూర్చుని కథ వింటోంది. బ్యాంకు లెక్క ప్రకారం సరిగ్గా అదే పూట, మరో రాష్ట్రంలో ఎక్కడో ఆమె వేలు మిషన్ మీద పడింది. ఇంకొక మాట చెప్పాలి. నాట్లు వేసీ కలుపులు తీసీ పిన్ని వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ డీలరు దగ్గర తడిగుడ్డతో తుడుచుకుని నాలుగైదుసార్లు నొక్కితే గానీ ఆమె బియ్యం ఆమెకు రావు. సొంత వేలిని గుర్తుపట్టడానికి అంత మొరాయించే మిషన్లు దొంగ తెచ్చిన వేలిని మూడుసార్లు ఒప్పుకున్నాయి. ఇది తలుచుకుంటే ఈరోజుకీ నాకు కడుపు మండిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో అప్పుడే కూర్చుని తెలుసుకున్నాను. ఆధార్‌తో నడిచే ఈ చెల్లింపుల పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. ఊళ్లో చిన్న మిషన్ పట్టుకుని కూర్చునే బ్యాంకు మిత్ర దగ్గర ముసలివాళ్లు డబ్బు తీసుకునేది దీంతోనే. దీనికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అడగదు. బ్యాంకు మెట్లెక్కలేని వాళ్లకు అది నిజంగా మేలు చేసింది, కాదనను. కానీ ఆధార్ నంబరూ వేలిముద్రా కలిసి ఒకే చోట దొరికే కాగితం ఉంటే? స్థలం అమ్మకం దస్తావేజులో ఆధార్ వివరాలూ వేలిముద్రలూ పక్కపక్కనే ఉంటాయి. 2018లోనే తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి వేల సిమ్‌లు పని చేయించి పట్టుబడ్డాడు. ఆ దస్తావేజుల్లాంటివి నేను రోజూ కట్టలకొద్దీ జిరాక్స్ తీస్తాను. వాటిలో చెడిపోయిన పేజీలు కూడా ఆ అట్టపెట్టెలోకే వెళ్లేవి.

ఆ బుధవారం సాయంత్రమే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మర్నాడు బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోయినప్పుడు, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోగా చెబితే ఖాతాదారు మీద భారం ఉండదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదేనంది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి, ఆ రెండు చోట్లా గీతలు గీసి పట్టుకెళ్లాను. పిన్ని చెప్పింది బుధవారం కాబట్టి సోమవారం పోయిన తొమ్మిది వేలు వెనక్కి వచ్చాయి. గురు, శుక్రవారాలవి గడువు దాటాయి. ఆ ఇరవై వేల కోసం, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాం. ఆ నంబరు రాసిన చీటీని పిన్ని పసుపు డబ్బాలో దాచుకుంది.

ఆధార్ వేలిముద్రలకు తాళం వేయవచ్చు. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ సైటులో గానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. కావలసినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు, కొద్ది నిమిషాల్లో అదే మళ్లీ పడిపోతుంది. నాది, మా ఆయనది ఆ రాత్రే వేసేశాను. పిన్నిది అంత సులువు కాలేదు. ఆధార్‌లో ఉన్నది ఎప్పుడో కొడుకు వాడి వదిలేసిన ఫోను నంబరు. ముందు అది మార్పించాలి. తీరా తాళం వేస్తే రేషనుకూ, పింఛనుకూ వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు తెరిచిపెట్టాలి. ఒంటరిగా ఉండే ముసలమ్మకు అది చెప్పినంత తేలిక కాదు. అందుకని ఆమె పెద్ద మొత్తాన్ని ఆధార్ ముడిపెట్టని మరో ఖాతాలోకి మార్చాం. పింఛను పడే ఖాతాలో ఖర్చులకు సరిపడా మాత్రమే ఉంచుతున్నాం. నంబరు మారాక ఆధార్ సైటులో ఆమె వేలిముద్ర ఎప్పుడెప్పుడు వాడారో చరిత్ర తీశాను. శుక్రవారం వరుస అక్కడ తేదీ, సమయంతో సహా ఉంది. దాన్నీ ఫిర్యాదుకు జతచేశాం.

షాపులో కూడా చాలా మార్చాను. చిత్తు కాగితాలు అమ్మడం మానేశాను. కాగితాలను ముక్కలు చేసే చిన్న యంత్రం కొన్నాను. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ తెరిచి చూసిన రోజు ఒళ్లు జలదరించింది. వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయించుకుని వెళ్లిపోయినవాళ్ల కార్డులు, పాసుపుస్తకాలు, జీతం చీటీలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఇప్పుడు షట్టరు దించే ముందు అన్నీ తుడిచేస్తాను, రీసైకిల్ బిన్‌తో సహా. ఆధార్ ప్రింటు అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ తీసిస్తానంటాను. "ఆఫీసులో ఒప్పుకోరేమోనమ్మా" అంటారు చాలామంది. పూర్తి నంబరు తప్పదంటే, కౌంటరుకు తాడుతో కట్టిన పెన్ను చూపించి, ఫొటో మీదుగా అడ్డంగా "గ్యాసు కనెక్షన్ కోసం మాత్రమే" అని పనీ తేదీ వేసి సంతకం పెట్టమంటాను. తోటి షాపులవాళ్లనూ అడుగుతున్నాను. ఇద్దరు సరేనన్నారు.

నిన్న ఒక పెద్దాయన పాసుపుస్తకం జిరాక్స్‌కు వచ్చారు. మొదటి కాపీ వంకరగా పడింది. ఇంకొకటి తీసి ఇచ్చాను. డబ్బులిచ్చి రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"ఆ చెడిపోయినది కూడా ఇటివ్వమ్మా" అన్నారు.

పెట్టెలోంచి తీసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.